రొయ్యల చెరువు మీద స్టేటస్ కో

రొయ్యలకి నాలుగు రోజుల గడువుంది. కోర్టుకి మూడు రోజులే.

ఈ రెండు సంగతులూ బుధవారం పొద్దున్న పదిగంటలకి నరసాపురంలో ప్లీడరు గుమాస్తా యెహెజ్కేలు నెత్తిన ఒకేసారి పడ్డాయి. పడేసిన మనిషి రత్నమాణిక్యం. మొగల్తూరు అవతల దొరలపాలెంలో రెండున్నర ఎకరాల రొయ్యల చెరువు ఆవిడది. మొగుడు పోయి ఆరేళ్ళయింది. ఆ చెరువు తప్ప వేరే ఆధారం లేదు. ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనదు, ఎదటివాళ్ళని అననివ్వదు.

"పక్క చెరువులో తెల్లమచ్చ దిగిందండీ," అంది గుమ్మంలోనే నిలబడి. "పొద్దున్న చూస్తే గట్టు పొడుగునా తేలిపోయి ఉన్నాయి. నా చెరువులోకి రావడానికి నాలుగు రోజులు పడుతుంది, మహా అయితే. ఈలోగా పట్టేసుకోవాలి. పట్టుకోవచ్చా?"

తొంభై అయిదులో ఆ తీరం పొడుగునా తెల్లమచ్చ పేరు చెబితే మగాళ్ళు కూడా గుండె పట్టుకునేవారు. రొయ్య డొప్ప మీద సున్నం చుక్కలాంటి మచ్చ కనబడిందంటే మూడో రోజుకి చెరువులో బతికున్న రొయ్య ఉండదు.

యెహెజ్కేలు కళ్ళజోడు తీసి తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది.

"ప్లీడరుగారు హైదరాబాదులో ఉన్నారండి. హైకోర్టు పని. శనివారంగాని రారు. శుక్రవారం సాయంత్రం నుంచి కోర్టుకి దసరా సెలవులు..."

"నేను ప్లీడరుగార్ని అడగట్లేదు, మిమ్మల్నడుగుతున్నాను. స్టేటస్ కో అంటే ఏంటో నాకు చెప్పింది మీరు."

యెహెజ్కేలు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. చెప్పింది తనే.

జులైలో ఆవిడ మరిది వీరవెంకటసత్యనారాయణ దావా వేశాడు. చెరువు ఉమ్మడి ఆస్తి, తనకి సగం రావాలి, తేలేదాకా వదినని అందులో దిగనివ్వకూడదు అని. మునసబుగారు రెండు పక్షాల వాదనా విని, అసలు దావా తేలేవరకూ ఇద్దరూ స్టేటస్ కో పాటిస్తారా అని అడిగారు. ప్లీడరు చంద్రరావుగారు వెనక్కి తిరిగి రత్నమాణిక్యం వైపు చూశారు. ఆవిడ ఇంకా వెనక్కి తిరిగి యెహెజ్కేలు వైపు చూసింది.

అలాంటి చూపు కోసమే యెహెజ్కేలు పుట్టాడు.

లూథరన్ చర్చిలో ఆదివారం వాక్యం చదివేది ఆయనే. ఆ గొంతుతోనే కోర్టు వరండాలో లాటిన్ మాటలకి అర్థాలు చెప్పేవాడు. ముప్ఫై ఏళ్ళ కిందట రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లో దొరికిన లా డిక్షనరీ ఒకటి ఆయన దగ్గరుంది. అందులో ఇంగ్లీషులో ఉన్నదాన్ని డెల్టా మనిషికి ఎక్కేలా మార్చడం ఆయన విద్య. "కేవియట్ అంటే ఏంటండీ?" అని రైతు అడిగితే, "నేనొచ్చేదాకా వడ్డన మొదలెట్టద్దని వంటవాడికి ముందుగా కబురెయ్యడం," అనేవాడు. ఎక్స్ పార్టీ అంటే, మూడుసార్లు పిలిచినా బంతికి రానివాడి విస్తరి ఎత్తెయ్యడం. ప్రైమా ఫేసీ అంటే పెళ్ళిచూపులు: చూడ్డానికి బాగుంది, నిజంగా బాగుందో లేదో కాపురంలో తేలుతుంది. రెస్ జ్యుడికేటా అంటే, ఒకసారి కాటా వేసి లారీ ఎక్కించిన ధాన్యం బస్తాని మళ్ళీ కాటా మీద పెట్టమనకూడదు. జనం ఆయన్ని లాటిన్ మాస్టారు అనేవారు. ప్లీడర్లు కూడా ఒక్కోసారి చాటుగా వచ్చి అడిగి వెళ్ళేవారు.

ఆ రోజు రత్నమాణిక్యం చూపుకి యెహెజ్కేలు వాక్యం చదివినట్టే చెప్పాడు: "ఉన్నది ఉన్నట్టు! గడ్డిపోచ కదపరాదు! మీ చెరువులో పురుగు కూడా అటుది ఇటు జరగదండి!"

ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది. సంతకం పెట్టింది. ఆ సాయంత్రం యెహెజ్కేలుకి కిలో చేపలు పంపింది కూడా.

"గడ్డిపోచ కదపరాదన్నారు," అంది ఇప్పుడు. "ఉన్నది ఉన్నట్టుండడానికి అది రొయ్యండీ, రాయి కాదు. జులైలో అగ్గిపుల్లంతుంది. ఇప్పుడు బెత్తెడుంది. మా మరిది సత్యం వాళ్ళ ప్లీడరు చేత నోటీసిప్పించాడు. ఒక్క రొయ్య గట్టు దాటినా కోర్టు ధిక్కారమట, సివిల్ జైలట. ఇప్పుడు చెప్పండి. పట్టుకుంటే నేను జైలుకి. పట్టుకోకపోతే చెరువు గంగపాలు. మీ స్టేటస్ కోలో దీనికేమైనా ఉందా?"

యెహెజ్కేలు నోరు తెరిచాడు. వాక్యం రాలేదు.

ఎందుకు రాలేదో ఆయనకి ఒక్కడికే తెలుసు. ఆ డిక్షనరీ 'ఆర్' అక్షరంతో ఆగిపోయింది. ఆ తర్వాత భాగమంతా ఆయన కొనకముందే చెదలు తినేశాయి. స్టేటస్ కో, సువో మోటు, సైన్ డై, సబ్ జ్యుడిస్, అల్ట్రా వైరిస్ అన్నీ చెదల పాలబడ్డ మాటలే. ముప్ఫై ఏళ్ళుగా వాటి అర్థాలు ఆయన గొంతులోంచే పుట్టుకొచ్చాయి.

*

చంద్రరావుగారి జూనియరు లావణ్యకి ప్రాక్టీసు పెట్టి ఏడు నెలలయింది. ఈ ఏడు నెలల్లో కోర్టులో ఆ అమ్మాయి పలికింది ఒకే ఒక్క మాట, "వాయిదా కావాలండి". అయితే వకాల్తాలో చంద్రరావుగారి సంతకం కింద ఆ అమ్మాయి సంతకం కూడా ఉంది. యెహెజ్కేలుకి ఉన్న దారి అదొక్కటే.

"పట్టుబడికి పర్మిషన్ కావాలని పిటిషన్ వేస్తాను," అంది లావణ్య, కాగితాలు చూసి. "కానీ అవతలివాళ్ళు కౌంటరుకి టైము అడుగుతారు. అడిగితే సెలవుల తర్వాతే. వాళ్ళే అభ్యంతరం లేదంటే తప్ప ఈ శుక్రవారం లోపు అవదండి."

"అంటే సత్యం ఒప్పుకోవాలి," అంది రత్నమాణిక్యం.

"అవునండి."

"మా సత్యం సంగతి మీకు తెలీదు. వాళ్ళన్నయ్య పెళ్ళిలో నాకు పెట్టిన చీర బాగోలేదని నేనన్నానని, వాడు ఇరవై ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో మంచినీళ్ళు తాగట్లేదు."

అయినా సాయంత్రం బస్సెక్కి యెహెజ్కేలు దొరలపాలెం వెళ్ళాడు. చెరువుకీ పంచాయతీ రోడ్డుకీ మధ్య సత్యనారాయణ పాత పెంకుటింటిని ఆనించి కొత్త డాబా కడుతున్నాడు. గోడలు లేచాయి. పైన సెంట్రింగ్ రేకులు పరిచి ఇనుప ఊచలు అల్లేశారు. పాకలో నూట యాభై సిమెంటు బస్తాలు పేర్చి ఉన్నాయి. సత్యనారాయణ వాటి పక్కన మడత కుర్చీలో కూర్చుని కొబ్బరిబొండం తాగుతున్నాడు.

"రండి లాటిన్ మాస్టారూ! బొండం కొట్టించనా?"

"వద్దండి. వదినగారి చెరువు గురించి..."

"స్టేటస్ కో కదండీ!" అన్నాడాయన చేతులు రెండూ చాచి. "ఉన్నది ఉన్నట్టు, గడ్డిపోచ కదపరాదు. ఎంత బాగా చెప్పారండీ ఆ రోజు! నేను కూడా వెనకాలే ఉండి విన్నాను. ఊళ్ళో అందరికీ అలాగే చెబుతున్నాను."

"తెల్లమచ్చ వస్తే మొత్తం పోతుందండి. మీకూ అందులో సగం వాటా అంటున్నారు కదా. మీదీ పోతుంది."

"పోనివ్వండి. ఖాళీ చెరువైతే మా వదిన ఎన్నాళ్ళు పట్టుకు కూచుంటుంది? దసరా వెళ్ళాక తనే వచ్చి తాళంచెవులిస్తుంది." ఆయన బొండం పక్కన పెట్టి మూతి తుడుచుకున్నాడు. "శుక్రవారం పొద్దున్న ఆరూ నలభైకి మా డాబా శ్లాబు ముహూర్తమండి. తప్పకుండా రండి. భోజనాలు కూడానూ."

తిరుగు బస్సులో యెహెజ్కేలు కిటికీ పక్కన కూర్చుని, ఇన్నాళ్ళూ తను చెప్పిన 'ఎస్' మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. నరసాపురం చేరేసరికి ఆయనకి చెమటలు పట్టాయి.

*

గురువారం పొద్దున్న లావణ్య చెబుతుంటే యెహెజ్కేలు పిటిషన్ టైపు కొడుతున్నాడు. రత్నమాణిక్యం బల్ల చివర కూర్చుని గోడ గడియారం వైపు చూస్తోంది. ఇంటి నుంచి వచ్చేటప్పుడు మేత పళ్ళేలు ఎత్తి చూసిందట. తన రొయ్య ఇంకా శుభ్రంగానే ఉంది.

"కింద ఆస్తి షెడ్యూలు కొట్టండి యెహెజ్కేలుగారూ. దావాలో ఉన్నట్టే."

షెడ్యూలు అంటే ఆస్తి వివరం: ఊరు, విస్తీర్ణం, నాలుగు పక్కలా హద్దులు. దాన్ని ఏ గుమాస్తా చదవడు. చూసి దించడమే. పాత దస్తావేజు నుంచి దావాలోకి, దావా నుంచి జవాబులోకి, అక్కడి నుంచి ఆర్డరులోకి. ఆ నాలుగు లైన్లూ యెహెజ్కేలు ఈ కేసులోనే అప్పటికి మూడుసార్లు కొట్టాడు, ఒక్కసారీ చదవలేదు. ఈసారి మెషీను రిబ్బను వెలిసిపోయి, ఏ అక్షరం పడిందో కనబడక పైకి చదువుతూ కొట్టాడు.

"తూర్పు, మురుగు కాలువ. దక్షిణం, పుంతదారి. పడమర, పంచాయతీ రోడ్డు. ఉత్తరం..."

"రోడ్డేంటి?" అంది రత్నమాణిక్యం.

"పడమర హద్దండి."

"నా చెరువుకి పడమర రోడ్డెక్కడిదండీ? చెరువుకీ రోడ్డుకీ మధ్య మా సత్యం ఇల్లు లేదూ? వాడి దొడ్డి, వాడి గడ్డిమేటు, గేదెలపాక, ఇప్పుడు కట్టే డాబా, అన్నీ అక్కడే కదా?"

టైపు మెషీను ఆగింది.

యెహెజ్కేలు మెల్లగా లేచి కట్ట విప్పి దావా కాగితం తీశాడు. ఆర్డరు నకలు తీశాడు. దాఖలు చేసిన పాత భాగపంపకాల దస్తావేజు తీశాడు. మూడింటిలోనూ అవే నాలుగు లైన్లు. దస్తావేజు యాభై ఒకటిలో సత్యనారాయణ తాతగారు రాయించింది. అప్పుడు అక్కడ చెరువూ లేదు, ఇల్లూ లేదు. కాలువ నుంచి రోడ్డు దాకా ఒకటే వరిచేను. అవతలి గుమాస్తా ఆ హద్దులు అలాగే దించేశాడు.

"లావణ్యమ్మా," అన్నాడు, పడమర హద్దు మీద వేలు పెట్టి. "స్టేటస్ కో ఆర్డరు దేనికి వర్తిస్తుంది?"

"షెడ్యూలు ఆస్తికండి."

"ఎవరెవరికి?"

"ఇద్దరికీ. ఇరు పక్షాలూ అని ఉంది కదా." లావణ్య అంతలో ఆగింది. కాగితం లాక్కుని చూసింది. "కానీ విస్తీర్ణం రెండున్నర ఎకరాలనే ఉంది. అది చెరువు ఒక్కటేనండి."

యెహెజ్కేలు నడుం నిటారైంది. ఇది 'ఎఫ్' అక్షరం. చెదలు ముట్టని పేజీ.

"ఫాల్సా డెమాన్‌స్ట్రేషియో నాన్ నోసెట్!" అన్నాడు. "వర్ణనలో ఒక ముక్క తప్పినంత మాత్రాన పత్రం చెడదు. పెళ్ళి శుభలేఖలో ఇంటి నంబరు తప్పు పడిందని పెళ్ళి ఆగిపోతుందా? విస్తీర్ణానికీ హద్దులకీ తేడా వస్తే చెల్లేది హద్దులేనండి. ఈ మాట మాత్రం నిజంగా తెలిసి చెబుతున్నాను!"

"మిగతావి తెలీక చెప్పారా?" అంది రత్నమాణిక్యం.

ఆయన ఆ ప్రశ్న వినబడనట్టు మళ్ళీ కాగితాల మీదకి వంగాడు.

*

శుక్రవారం ఆరున్నరకి శ్లాబు దగ్గర నలభైమంది కూలీలు గమేళాలు పట్టుకుని వరస కట్టి ఉన్నారు. మేస్త్రీ అప్పాజీ మిక్సరు స్టార్టు చేయించబోతున్నాడు. పంతులుగారు కొబ్బరికాయ పైకెత్తారు.

రత్నమాణిక్యం వచ్చి మిక్సరు నోటికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. మరిది మడత కుర్చీయే.

"వదినా! ఏంటిది? లే!"

"స్టేటస్ కో సత్యం. లేస్తే ఉన్నది ఉన్నట్టు ఉండదు."

"నీ చెరువు అక్కడుంది. వెళ్ళి అక్కడ కూర్చో!"

యెహెజ్కేలు ముందుకొచ్చాడు. వెనకాల లావణ్య నల్లకోటులో, కొత్త నోటుపుస్తకం తెరిచి నిలబడింది. ఆయన ఆర్డరు నకలు విప్పి, ఆదివారం గొంతుతో నాలుగు హద్దులూ చదివాడు. పడమర హద్దు దగ్గర ఆగి, కాగితంలోంచి తలెత్తి, రోడ్డు వైపు చూపించాడు. నలభైమంది కూలీలూ రోడ్డు వైపు తిరిగి చూశారు. తర్వాత తాము నిలబడ్డ నేల వైపు చూసుకున్నారు.

"ఫాల్సా డెమాన్‌స్ట్రేషియో నాన్ నోసెట్!" అన్నాడు యెహెజ్కేలు.

అప్పాజీ చేతిలోని తాపీ కింద పెట్టేశాడు. "ఆయ్, ఇలాంటి మాటలుంటాయని ముందే చెప్పాలి కదండీ. నాకు పిల్లలున్నారండి."

"వాళ్ళకేం తెలీదు, కానివ్వండి!" అని అరిచాడు సత్యనారాయణ.

"ఒక్క గమేళా కదిలినా కోర్టు ధిక్కారం," అన్నాడు యెహెజ్కేలు. "మీ ప్లీడరుగారి నోటీసులో ఉన్న మాటే. సివిల్ జైలు కూడానండి. పోయినవాటిని మేం పట్టించుకునేవాళ్ళం కాదు గాని, ఇప్పుడు రాసుకోక తప్పట్లేదు. పొద్దున్న గేదెని పితికారా?"

"పితకరా మరి?"

"పాకలో గేదె. షెడ్యూలు ఆస్తి లోపల. రాసుకోండి లావణ్యమ్మా. మేటులోంచి గడ్డి తీశారా?"

"గేదె తినద్దూ!"

"రాసుకోండి. బుధవారం నా ఎదురుగా బొండం తాగారు. ఏ చెట్టుదండీ?"

సత్యనారాయణ తల తిప్పి దొడ్లో కొబ్బరిచెట్టు వైపు చూశాడు.

"చెప్పరా, ఏ చెట్టుదో," అంది రత్నమాణిక్యం తీరిగ్గా. "మీ అన్నయ్య నాటిన చెట్టేనా?"

"నా ఇంటి మీద నేనే స్టేటస్ కో తెచ్చుకున్నానా?" అని ఆయన పంతులుగారిని అడిగాడు, అక్కడున్న వాళ్ళలో చదువుకున్నవాడు ఆయనే అన్నట్టు. పంతులుగారు కొబ్బరికాయ కిందకి దించారు. ముహూర్తం దాటిపోయింది.

సత్యనారాయణ ఎస్టీడీ బూతుకి పరిగెత్తాడు. పావుగంటకి తిరిగొచ్చినప్పుడు మొహంలో నెత్తురు చుక్క లేదు. వాళ్ళ ప్లీడరు లైనులో పావుగంటా తిట్టాడట, తన గుమాస్తాని కూడా కలిపి. హద్దులు దిద్దాలంటే సవరణ పిటిషను వెయ్యాలి, అది సెలవుల తర్వాతే. ఈలోగా శ్లాబు వేస్తే, నోటీసు తనే ఇచ్చాడు గనక అవతలివాళ్ళు అదే నోటీసు తిప్పి చూపిస్తారు. సెంట్రింగు అద్దెది. కూలీలు ఆదివారానికి మరో ఊరికి ఒప్పుకున్నారు. దక్షిణం వైపు మబ్బు పట్టింది. పాకలో నూట యాభై బస్తాల సిమెంటు చెమ్మ పీలుస్తోంది.

"ఇద్దరూ కలిసి మెమో వేస్తే ఇవాళే అవుతుందట," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "నా ఇల్లు ఆర్డరులోంచి తీసెయ్యమని రాయండి. చెరువు సంగతి తర్వాత చూద్దాం."

"ఒకటే కాగితం," అంది రత్నమాణిక్యం. "పై లైను రొయ్య, కింది లైను శ్లాబు. పై లైను లేకపోతే కింది లైను లేదు."

"ఇంత మొండితనం ఏంటి వదినా?"

"చెరువులో ప్రాణాలున్నాయి సత్యం. నీ సిమెంటుకి చెమ్మ తగిలితే రాయవుతుంది. నా రొయ్యకి చావొస్తే నేనేమవుతాను?"

అంత గట్టిగా ఆవిడ ఎప్పుడూ అనలేదు. అన్నాక కుర్చీలోంచి లేచి కొంగు దులుపుకుంది. సత్యనారాయణ చెరువు వైపు చూసి, "పదండి," అన్నాడు.

మెమోలో ఏం రాయాలో తేలేసరికి తొమ్మిదిన్నర బస్సు వెళ్ళిపోయింది. కంకర తెచ్చిన ట్రాక్టరు ఒక్కటే ఉంది. దాని తొట్టిలో, దించని కంకర మీద, ముగ్గురు ఎక్కారు. వదినా మరిదీ చెరో మూల. మధ్యలో యెహెజ్కేలు ఫైలు ఒళ్ళో పెట్టుకుని. లావణ్య ఇంజను పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని, ఏం మాట్లాడాలో తనలో తనే చెప్పుకుంటోంది. ప్రతి గోతిలోనూ కంకర ఒక అడుగు వెనక్కి జారి, మరిదిని వదిన వైపు తోసేది. ఆయన చేతులతో పాకుతూ తన మూలకి తిరిగి వెళ్ళేవాడు. మొగల్తూరు దాటాక ఆ పనీ మానేశాడు.

*

కోర్టు హాల్లో మునసబుగారు చివరి కట్ట విప్పుతున్నారు. కాగితాల మీద ఆయన హోదా జూనియర్ సివిల్ జడ్జి అయి చాలా కాలమైంది గాని, జనానికి ఇంకా మునసబుగారే. వయసు ముప్ఫై రెండు. సాయంత్రం రైలుకి టికెట్టు కూడా తీసుకున్నారు.

సత్యనారాయణ తరపు ప్లీడరు గుమ్మం దగ్గరే మెమో మీద సంతకం గీకి ఇచ్చేశాడు. లావణ్య లేచింది. మొదట "వాయిదా..." అని ఆగి, తల విదిలించి, "వాయిదా వద్దండి," అంది. తర్వాత గుక్క తిప్పుకోకుండా రొయ్య, తెల్లమచ్చ, హద్దులు, శ్లాబు, అన్నీ చెప్పేసింది. ఏడు నెలల మాటలు ఒక్కసారే బయటికొచ్చాయి.

మునసబుగారు మెమో చదివి ఇద్దరినీ చూశారు. ఇద్దరూ నెత్తి నుంచి పాదాల దాకా కంకర బూడిదలో ఉన్నారు.

"స్టేటస్ కో అంటే రొయ్యలు పట్టకూడదని మీకు ఎవరు చెప్పారమ్మా?"

వదినా మరిదీ ఇద్దరి తలలూ ఒకేసారి వెనక్కి తిరిగాయి.

హాలు చివర యెహెజ్కేలు ఫైలుని గుండెకి హత్తుకున్నాడు. అబద్ధం ఆడదామని ఒక క్షణం అనిపించింది. ముప్ఫై ఏళ్ళ పేరు. వరండాలో రైతుల దండాలు.

"నేనేనండి," అన్నాడు. "నా డిక్షనరీ ఆర్‌తో ఆఖరండి. ఎస్ నుంచి చెదలు తినేశాయి. ఎస్ మాటలు నేను ఊహించి చెప్పానండి."

ముందు వరసలో ఒక సీనియరు ప్లీడరు ఉలిక్కిపడ్డాడు. ఆయన పోయిన నెలలోనే సువో మోటు గురించి యెహెజ్కేలుని అడిగి, దాన్ని జిల్లా కోర్టులో వాడి వచ్చాడు.

మునసబుగారు నవ్వు ఆపుకోవడానికి రుమాలు తీశారు. "స్టేటస్ కో అంటే ఎవరి స్వాధీనంలో ఉన్నది వాళ్ళ స్వాధీనంలోనే ఉండాలని. చేతులు మారకూడదని. చేతులు ముడుచుకుని కూచోమని కాదు. పండిన పైరు కోసుకున్నంత మాత్రాన నేల ఎక్కడికీ పోదు. అనుమానం వస్తే ముందుగా వచ్చి కోర్టుని అడగాలి. జులై నుంచీ కోర్టు ఇక్కడే ఉంది కదా?"

మునసబుగారు కలం తీశారు.

"మెమో రికార్డు చేశాం. ప్రతివాది చెరువు పట్టుకోవచ్చు. వాది శ్లాబు వేసుకోవచ్చు. హద్దులు సవరించుకోండి. గేదెని పితుక్కోండి. అసలు దావా నవంబరు పదమూడుకి వాయిదా."

*

శనివారం తెల్లవారుతూనే తూము ఎత్తారు. నీళ్ళు సగానికి దిగాక వల లాగారు. మొదటి లాగుడుకే వల బరువెక్కి పదిమంది పట్టాల్సి వచ్చింది. రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. రత్నమాణిక్యం మోకాలి లోతు బురదలో నిలబడి, ఒక్కొక్క రొయ్యా తీసి, డొప్ప వెలుతురుకి పట్టి చూసింది. పది చూసింది. ఇరవై చూసింది. మచ్చ లేదు.

"శుభ్రంగా ఉందండీ గుమాస్తాగారూ!"

గట్టు మీద యెహెజ్కేలు పంచె పైకి కట్టి ఐసు ముక్కలు కొడుతున్నాడు. ఆయన్నెవరూ రమ్మనలేదు. మొదటి బస్సుకి తనే వచ్చాడు.

నిన్న మధ్యాహ్నం మొదలెట్టి వాన పడేలోపు ముగించిన శ్లాబు మీద సత్యనారాయణ గోనెపట్టాలు తడుపుతున్నాడు. అక్కడి నుంచి చెరువు మొత్తం కనబడుతుంది. ట్రేలు ఒక్కొక్కటే లారీ ఎక్కుతుంటే తడపడం మర్చిపోయి చూస్తున్నాడు.

"వదినా! రొయ్య బాగా వచ్చినట్టుందే!"

"వచ్చింది."

"మా కూలీలకి కూరకి ఒక బుట్ట పంపకూడదూ?"

"మెమోలో ఆ లైను లేదు సత్యం."

తొమ్మిదింటికి ఆఖరి ట్రే ఎక్కింది. లారీ పుంతదారిలో కదిలింది. పక్క చెరువు గట్టు మీద చచ్చిన రొయ్యల వాసన గాలితో పాటు వస్తోంది. రత్నమాణిక్యం ఒడ్డుకెక్కి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, మూడు రోజుల్లో మొదటిసారిగా స్థిమితంగా కూర్చుంది.

"ఇప్పుడేం చేస్తారండీ చెరువు?" అన్నాడు యెహెజ్కేలు.

"ఎండగట్టి, సున్నం చల్లి, మళ్ళీ పిల్ల వదులుతాను. ఎవరి స్వాధీనంలో ఉన్నది వాళ్ళ స్వాధీనంలోనే ఉండాలన్నారుగా మునసబుగారు." ఆవిడ కాళ్ళకున్న బురద కడుక్కుంటూ శ్లాబు వైపు చూసి గొంతు పెంచింది. "నవంబరు పదమూడున కోర్టుకి ఎలా వెళ్తావు సత్యం?"

"బస్సులో!" అని కేకేశాడు ఆయన పైనుంచి. "మళ్ళీ ఆ కంకర మీద నావల్ల కాదు!"

"ఆరున్నర బస్సుకి రా. తొమ్మిదిన్నర బస్సు కోసం చూడకు. నేను కూడా అదే ఎక్కుతాను."

పైన గోనెపట్టా మీద నీళ్ళు పోసే చప్పుడు మళ్ళీ మొదలైంది. రత్నమాణిక్యం పక్కన మిగిలిన చిన్న బుట్ట అందుకుని, అందులో వల అడుగునున్న రెండు దోసిళ్ళ రొయ్యలు వేసి, యెహెజ్కేలు చేతికిచ్చింది.

"ఇది ఆ డాబా మీదకి ఇచ్చేసి రండి. నేనిచ్చానని చెప్పద్దు."